హాలీవుడ్ బ్లాక్‌లిస్ట్ అంటే ఏమిటి? అది ఎలా నడిచింది?

కమ్యూనిస్టులన్న అనుమానంతో సినిమావాళ్లకు పని దక్కకుండా చేయడమే బ్లాక్‌లిస్ట్. విచిత్రం ఏమిటంటే, దానికి చట్టమేదీ లేదు. ప్రచ్ఛన్న యుద్ధం మొదలైన రోజులవి. 1947లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ సినిమావాళ్లను పిలిపించి, "నువ్వు కమ్యూనిస్టు పార్టీ సభ్యుడివా?" అని నిలదీసింది. సూటిగా జవాబివ్వని పదిమందిని సభా ధిక్కారం కింద తర్వాత జైలుకు పంపారు. వాళ్లకు పనివ్వబోమని స్టూడియోల పెద్దలు అప్పటికే న్యూయార్క్‌లోని ఓ హోటల్లో కూర్చుని తేల్చేశారు. ఆ తర్వాత వందలమందికి అవకాశాలు పోయాయి.

ఆ పదిమందిలో సినిమా రచయిత డాల్టన్ ట్రంబో ఒకడు. అతని పేరు పనికిరాదు గానీ, కలం మాత్రం కావాలి! అతను రాసిన 'రోమన్ హాలిడే' సినిమా కథకు వచ్చిన ఆస్కార్ స్నేహితుడి ఖాతాలో పడింది. 1957లో 'ది బ్రేవ్ వన్' కథకు గెలిచింది 'రాబర్ట్ రిచ్'. తీరా చూస్తే ఆ పేరుతో రచయితే లేడు, రాసింది ట్రంబోనే. 1960లో 'స్పార్టకస్' టైటిల్స్‌లో గానీ అతని అసలు పేరు మళ్లీ కనిపించలేదు.

సినిమాలే కాదు, బేస్‌బాల్‌కూ ఈ భయం అంటుకుంది. 'రెడ్' అంటే కమ్యూనిస్టు కదా, అందుకని సిన్సినాటి రెడ్స్ జట్టు 1950లలో కొన్నేళ్లు 'రెడ్‌లెగ్స్' అయిపోయింది.