మహాబలిపురం కోసం చీటీ పాడవచ్చా?

ప్రశ్న: మాది చీమకుర్తి. గ్రానైటు పాలిషింగు యూనిట్‌లో సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. మాకు శుక్రవారం సెలవు. ఇద్దరు పిల్లలతో (13, 10 ఏళ్లు) ఒక్కరోజు మద్రాసు వెళ్లి రావాలనుకుంటున్నాము. నాకు మహాబలిపురం, నా భార్యకు ఎగ్మోరు మ్యూజియం చూడాలని ఉంది. మహాబలిపురానికి కారు 5,000 అడుగుతున్నారు. దానితో కలిపి మొత్తం 14,000 అవుతుంది. నా దగ్గర 10,000 ఉన్నాయి. లక్ష రూపాయల చీటీలో ఎనిమిది నెలలు కట్టాను, పాట 18,000 దగ్గర నడుస్తోంది. చీటీ పాడుకుని రెండింటిలో ఏది చూడమంటారు? అమ్మ కంటి పరీక్షకు ఆరు నెలలకొకసారి ఎలాగూ మద్రాసు వెళ్తుంటాము.

జవాబు: ముందు చీటీ సంగతి చూద్దాం. 4,000 తక్కువైందని 18,000 వదులుకుని చీటీ పాడటం ఏ లెక్కకూ నిలవదు. డివిడెండు రూపంలో మీ వంతుగా కొన్ని వందలు వెనక్కి వచ్చినా, మిగిలిన 80 వేల చిల్లర చేతిలో ఉంటే అది విహారయాత్రతో ఆగుతుందని నేను అనుకోను. పిల్లల చదువుకో ఇంటి మరమ్మతుకో అవసరమయ్యే వరకు ఆ చీటీ జోలికి వెళ్లవద్దు.

ఇక మీ ప్రశ్నకు సగం సమాధానం మీ ఉత్తరం చివరి వాక్యంలోనే ఉంది. మ్యూజియం ఎగ్మోరు స్టేషనుకు దగ్గరలోనే ఉంటుంది. అమ్మగారి పరీక్ష కోసం రైలు ఖర్చు ఎలాగూ పెడుతున్నారు కాబట్టి, ఆ రోజు మధ్యాహ్నం మ్యూజియానికి వెళితే అదనంగా అయ్యేది ఆటో, టిక్కెట్లు మాత్రమే. మహాబలిపురం అలా కాదు. నగరానికి యాభై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉండి, తనకోసమే ఒక పూర్తి రోజును అడుగుతుంది. అందువల్ల ఈ 10,000 దానికే ఖర్చుపెట్టడం సబబు. పైగా ఆ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆ సంగతి తెలియక ఒకసారి గేటు దాకా వెళ్లి తిరిగి వచ్చినవాడిని కనుక చెబుతున్నాను.

కారు మాత్రం వద్దు. బస్సులో నలుగురికి రానూపోనూ వెయ్యి లోపే అవుతుంది కాబట్టి మీ 14,000 అంచనా 10,000 లోపలికి దిగుతుంది. తీర దేవాలయానికీ పంచరథాలకూ కలిపి పెద్దలకు తలా 40 రూపాయల టిక్కెట్టు ఒకటే. పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఉచితం, ఎందుకైనా మంచిది, వారి ఆధార్ కార్డులు దగ్గర ఉంచుకోండి. ఎండ ముదరక ముందే రథాల దగ్గరకు వెళ్లండి. ఏడో శతాబ్దంలో పల్లవుల శిల్పులు కొండరాతిని పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చి, ధర్మరాజ రథం కింది భాగాన్ని పూర్తిచేయకుండానే వదిలేశారు. యంత్రాల మధ్య రోజంతా గ్రానైటు పలకలు చూసే మీకు ఆ సగం పని వద్ద మిగిలినవారికన్నా ఎక్కువే కనిపిస్తుంది. పిల్లలకు దాన్ని వివరించడానికి గైడుకు డబ్బు ఇవ్వనవసరం లేదు.

మీ భార్య కోరికను వాయిదా వేస్తున్నామే తప్ప కొట్టివేయడం లేదు. 1851లో మొదలైన ఆ మ్యూజియంలో మన అమరావతి స్తూపం శిల్పాలు ఉన్నాయి, తిరువాలంగాడు నటరాజు కంచు విగ్రహం ఉంది. వాటిని హడావిడిగా చూసి రావడం కన్నా, ఒక మధ్యాహ్నమంతా ఆమెకు నచ్చినంత సేపు చూడనివ్వడం మేలు. అందుకోసం ఇప్పటి నుంచి నెలకు రెండు వందలు పక్కన పెడితే చాలు. అమ్మగారికి డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే అది శుక్రవారం కాకుండా, ఉదయం పూట ఉండేలా అడిగి పెట్టుకోండి.