ముల్లు సగం దాటితే బండి ఆపాలా?

ప్రశ్న: పోయిన నెలలో సెకండ్‌హ్యాండ్ పెట్రోలు కారు కొన్నాం. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి జరిగింది. పైకి చేరాక మామూలైంది. దిగింది కదా, ఇక వదిలేయొచ్చా?
– ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: వదిలేయకండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ఇంచుమించు 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. అది పది డిగ్రీలు అటూ ఇటూ అయినా చాలా కార్లలో ముల్లు కదలదు. డ్రైవరు ఊరికే కంగారు పడకూడదని దాన్ని మధ్యలోనే నిలబడేలా తయారుచేస్తారు. అలాంటి ముల్లు సగం దాటిందంటే లోపల వేడి అప్పటికే బాగా పెరిగిందన్నమాట. ఘాట్‌లో ఇంజిన్‌కు శ్రమ ఎక్కువ, బండి వేగం తక్కువ, రేడియేటర్‌కు గాలి చాలదు. అందుకే ఊళ్లో కనిపించని లోపం అక్కడ బయటపడుతుంది. కూలెంట్ తగ్గి ఉండొచ్చు, ఫ్యాన్ తిరగకపోవచ్చు, రేడియేటర్‌కు కూలెంట్ వదిలే వాల్వు, అంటే థర్మోస్టాట్, పూర్తిగా తెరుచుకోకపోవచ్చు, రేడియేటర్ రెక్కల్లో మట్టి పేరుకుని ఉండొచ్చు.

మళ్లీ అలా జరిగితే ముందు ఏసీ ఆపండి. హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి, బ్లోయర్ ఫుల్‌లో పెట్టండి. మే నెలలో అది నరకమే, కానీ ఇంజిన్ వేడి కొంత అటు పోతుంది. మలుపు లేని చోట పక్కకు తీసి, ఇంజిన్ ఆపకుండా ఐడిల్‌లో ఉంచి, ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోందేమో గమనించండి. ముల్లు ఎర్ర గీతను తాకినా, ఆవిరి కనిపించినా ఇంజిన్ వెంటనే ఆపేయాలి.

ఆపాక రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడి ఉండబట్టే కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత వదులైన క్షణంలో భగ్గున మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. కనీసం ముప్పావుగంట ఆగండి. ఈలోగా ఫ్యాన్ దగ్గర చేయి పెట్టకండి, ఇంజిన్ ఆగి ఉన్నా అది తనంతట తానే తిరగొచ్చు.

మర్నాడు ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బాలో మట్టం మినిమమ్, మాక్సిమమ్ గీతల మధ్య ఉందో లేదో చూడండి. తగ్గితే మాన్యువల్‌లో చెప్పిన రకమే పోయండి. నీళ్లు కలపాల్సిన రకమైతే సాధారణంగా సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్లు మాత్రం వద్దు, లోపల గార కట్టి దారులు పూడిపోతాయి. రెండు వారాల్లో మళ్లీ తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. హోస్‌లు, వాటర్ పంపు చూపించండి.

ప్రశ్న: మా కొత్త కారులో టెంపరేచర్ ముల్లే లేదు. ఉదయం స్టార్ట్ చేస్తే నీలం లైటు వస్తోంది. ఏమైనా లోపమా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: లోపం కాదమ్మా. ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని అర్థం. నాలుగైదు నిమిషాలు నడిపాక ఆరిపోతుంది. అప్పటిదాకా ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కకండి. అదే గుర్తు ఎర్రగా వెలిగితే పై జవాబు మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఎర్ర ఆయిల్ లైటు మినుకుమంటోంది, కదలగానే ఆరిపోతోంది. సర్వీసింగ్‌కు ఇంకా 1,000 కిలోమీటర్లు ఉంది.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: దయచేసి ఆ 1,000 కిలోమీటర్ల కోసం ఆగకండి. ఆ లైటు చెప్పేది ప్రధానంగా ఆయిల్ ఒత్తిడి గురించి. ఐడిల్‌లో పంపు నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ఒత్తిడి చాలకపోతే ముందు అక్కడే తెలుస్తుంది. బేరింగులకు ఆయిల్ అందకపోతే అవి నిమిషాల్లో అరిగి ఇంజినే పోతుంది.

బండిని చదునైన చోట నిలిపి, ఇంజిన్ ఆపి పది నిమిషాలాగండి. డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి చూడండి. మట్టం కింది గీతకు తక్కువగా ఉంటే మాన్యువల్‌లోని గ్రేడు ఆయిల్ కొద్దికొద్దిగా పోయండి. పై గీత దాటనివ్వొద్దు. మట్టం సరిగ్గానే ఉండీ లైటు వెలుగుతుంటే నడపకుండా టోయింగ్ బండి పిలిపించండి. గ్యారేజీలో మెకానిక్ మీటరు బిగించి అసలు ఒత్తిడి కొలుస్తాడు. చాలాసార్లు ప్రెషర్ స్విచ్ చెడిందని తేలుతుంది, కానీ కొలవకుండా ఆ మాట ఎవరు చెప్పినా నమ్మకండి.

ప్రశ్న: వేగం 80 దాటగానే బీప్ వస్తోంది. తీయించవచ్చా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: తీయించకండి. 2019 జూలై 1 నుంచి తయారయ్యే కార్లకు అది తప్పనిసరి. 80 దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా మోగుతుంది.