కొత్త పాలియెస్టర్ చెయ్యబోయే మేనకోడలికి

చి. శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

సూరత్ దగ్గర కంపెనీలో పాలియెస్టర్ ఆర్‌ అండ్‌ డీలో చేరావని అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ తర్వాత నీ మెయిల్ వచ్చింది. నీళ్ళ బాటిళ్ళకి వాడే పాలియెస్టర్ ప్లాస్టిక్ పెట్‌లో, పిండి పదార్థం నుంచి వచ్చే ఐసోసార్బైడ్ కలిపి, వేడి జ్యూస్ నింపినా వంగని బాటిల్‌కి పనికొచ్చే కొత్త గ్రేడ్ చెయ్యమని మీ మేనేజర్ అప్పగించాడని రాశావు. పీహెచ్‌డీలో నువ్వు కెటలిస్టుల (ఉత్ప్రేరకాల) మీద పనిచేశావు. కొత్త మాలిక్యూల్ వచ్చిందంటే అక్కడ పని అయిపోయినట్టే. ఇక్కడ పని అప్పుడు మొదలవుతుంది. అందుకే కాస్త పెద్ద ఉత్తరం రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

ఈ పాలిమర్ (చిన్న అణువులు గొలుసుగా కలిసిన పదార్థం) దేని బదులు వాడతారు, దానికి ఏ గుణం తప్పనిసరి? ముందు ఇది ఒక కాగితం మీద రాసి మేనేజర్‌తో సంతకం పెట్టించుకో. నవ్వులాటకి చెప్పట్లేదు. మామూలు పెట్ 75 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. జ్యూస్ నింపేది 85 దగ్గర. అందుకే ఇప్పుడు ఆ బాటిళ్ళని అచ్చులోనే వేడిమీద ఉంచి స్ఫటికాలు కట్టించి, అంటే గొలుసులు వరసగా పేర్చుకుని గట్టిపడేలా చేసి, నెట్టుకొస్తున్నారు. నువ్వు చెయ్యబోయేది దానికంటే చవకగానో, తేలికగానో, నమ్మకంగానో ఉండాలి. 'మొక్కల నుంచి వచ్చింది' అన్న మాట బ్రోచర్‌లో బావుంటుంది కానీ, ఆ మాట చూసి బాటిల్ వంగకుండా ఉండదు.

ఒక గుణం మంచిదా చెడ్డదా అన్నది వాడకాన్ని బట్టే తేలుతుంది. 1930లో అమెరికాలో డ్యూపాంట్ ల్యాబ్‌లో వాలస్ కారొథర్స్ బృందం పొడవాటి గొలుసుల పాలియెస్టర్లు చేసింది. ఆ బృందంలోని జూలియన్ హిల్ కరిగిన ముద్దని కడ్డీతో తాకి లాగితే తీగపాకంలా సాగింది. చల్లారాక మళ్ళీ లాగితే గట్టి దారమైంది. కానీ వాటిలో బెంజీన్ రింగులు (ఆరు కార్బన్ల గట్టి వలయాలు) లేవు. 100 డిగ్రీల లోపే కరిగిపోయేవి, వేడినీళ్ళకి ఆగేవి కావు. ఇస్త్రీకి నిలవని బట్ట ఎవరు కొంటారు? వాళ్ళు దాన్ని పక్కనపెట్టి నైలాన్ వైపు వెళ్ళిపోయారు. 1941లో ఇంగ్లండ్‌లో క్యాలికో ప్రింటర్స్ అసోసియేషన్‌లో పనిచేసే విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు టెరిఫ్తాలిక్ యాసిడ్‌తో ప్రయత్నించారు. గొలుసు మధ్యలోకి రింగు రావడంతో అది బిగుసుకుంది, కరిగే ఉష్ణోగ్రత 260 దాకా వెళ్ళింది. మీ తాతయ్య గొప్పగా దాచుకున్న టెర్లిన్ చొక్కా ఆ పాలిమరే, అదే ఇప్పటి పెట్. మరి కారొథర్స్‌ని విసిగించిన నీళ్ళకి విరిగే గుణం ఏమైంది? 1970ల నుంచి ఒంట్లో తనంతట తనే కరిగిపోయే కుట్టు దారాలకి సర్జన్లు పాలీగ్లైకాలిక్ యాసిడ్ వాడుతున్నది ఆ గుణం కోసమే.

ఇక మోనోమర్, అంటే గొలుసులో ఒక్కో లంకె అయ్యే చిన్న అణువు. పాలియెస్టర్‌కి రెండు రకాలు కావాలి: రెండు యాసిడ్ చేతులున్నది ఒకటి, రెండు హైడ్రాక్సిల్ చేతులున్న డైయోల్ ఒకటి. కొత్త పాలియెస్టర్లు చాలావరకు ఆగిపోయింది ఇక్కడే. ప్రొపేన్‌డైయోల్‌తో చేసే పీటీటీ అనే పాలియెస్టర్ కూడా 1941 నాటి విన్‌ఫీల్డ్, డిక్సన్ పేటెంట్లలోనే ఉంది. తివాచీలకి అంతకంటే మంచి దారం దొరకదు, నొక్కినా మళ్ళీ లేస్తుంది. అయినా ఆ డైయోల్ ఖరీదు వల్ల 1990ల దాకా మార్కెట్‌కి రాలేదు. షెల్ చవక దారి కనిపెట్టాక వచ్చింది. తర్వాత డ్యూపాంట్ వాళ్ళు మొక్కజొన్న గ్లూకోజ్‌ని బ్యాక్టీరియాతో పులియబెట్టి అదే డైయోల్ తీశారు, అమెరికాలో లౌడన్ అనే ఊళ్ళో 2006లో ప్లాంట్ మొదలైంది. పీఈఎఫ్ సంగతీ అంతే. ఫ్యూరాన్ రింగుతో చేసే ఆ పాలిమర్ 1951 నాటి సెలనీస్ పేటెంట్‌లోనే కనిపిస్తుంది. ఆక్సిజన్‌ని పెట్ కంటే ఎన్నో రెట్లు బాగా ఆపుతుందని ఇప్పుడు అందరూ మెచ్చుకుంటున్నారు. కానీ దాని యాసిడ్‌ని టన్నుల లెక్కన చెయ్యడానికి నెదర్లాండ్స్‌లో అవాంటియం లాంటి కంపెనీలు ఏళ్ళ తరబడి తంటాలు పడాల్సి వచ్చింది. కాబట్టి నీ పాలిమర్ గురించి రాసే మొదటి రిపోర్టులోనే మోనోమర్ ఎవరిస్తారు, కిలో ఎంత, ఎన్ని టన్నులు దొరుకుతుంది అని ఒక పేజీ పెట్టు. ఐసోసార్బైడ్ వచ్చేది సార్బిటాల్ నుంచి, సార్బిటాల్ వచ్చేది పిండి పదార్థం నుంచి. సార్బిటాల్ మన దేశంలోనే తయారవుతుంది. దాని నుంచి నీళ్ళు తీసేసి, పాలిమర్‌కి పనికొచ్చేంత శుభ్రంగా ఇచ్చేవాళ్ళు మాత్రం ప్రపంచంలోనే తక్కువ.

శుభ్రం అంటే ఎంత శుభ్రం? నీకు తెలిసిన లెక్కే, అయినా గోడకి అంటించుకో. రియాక్షన్ 95 శాతం పూర్తయితే గొలుసులో సగటున 20 మోనోమర్లే ఉంటాయి. 99 శాతానికి 100, 99.5కి 200. దారం సాగాలంటే కనీసం 100 కావాలి. ఆర్గానిక్ కెమిస్ట్రీలో 95 శాతం యీల్డ్ వస్తే స్వీట్లు పంచుతారు, పాలియెస్టర్‌లో దాన్ని పారబోస్తాం. మోనోమర్‌లో ఒకే చేయి ఉన్న యాసిడ్ కొంచెం ఉన్నా అది గొలుసు కొసని మూసేస్తుంది. సప్లయర్ సర్టిఫికెట్‌లో 99.5 అని ఉంటే, మిగతా అర శాతం ఏమిటో అడుగు. నీళ్ళా, సార్బిటాలా, ఆల్డిహైడా? సార్బిటాల్ అయితే కొమ్మలు వేసి జెల్ కడుతుంది, ఆల్డిహైడ్ అయితే రంగు తెస్తుంది. ఒకే సప్లయర్ నుంచి మూడు వేర్వేరు లాట్లు తెప్పించుకుని చూడకుండా ఏ మంచి ఫలితాన్నీ నమ్మకు.

పెట్‌కి ఉన్న ఒక అదృష్టం నీ పాలిమర్‌కి లేదు, ఇది బాగా గుర్తుపెట్టుకో. రెండు మోనోమర్లలో ఒకటి 2 శాతం ఎక్కువైతే గొలుసు 100 దగ్గర ఆగిపోవాలి కదా. మరి పెట్‌లో గ్లైకాల్ (పెట్‌కి వాడే డైయోల్) ఎక్కువే పోస్తాం, అయినా గొలుసు ఎందుకు పెరుగుతుంది? ఎథిలీన్ గ్లైకాల్ తేలికైనది. 280 డిగ్రీల్లో, ఒక మిల్లీబార్ వ్యాక్యూమ్‌లో ఎక్కువైనదంతా ఎగిరిపోయి లెక్క తనే సరిపడుతుంది. ఐసోసార్బైడ్ అంత తేలిగ్గా ఎగరదు. పైగా దాని రెండు హైడ్రాక్సిల్స్ సెకండరీవి, అంటే ఇరుకు చోట ఉన్నవి, మెల్లగా కలుస్తాయి. అందులోనూ ఒకటి లోపలివైపు తిరిగి ఉంటుంది. ఎథిలీన్ గ్లైకాల్‌తో పోటీ పడితే ఇదే వెనకబడుతుంది. కాబట్టి నువ్వు పోసినదంతా గొలుసులోకి వెళ్ళిందనుకోకు. ప్రతి బ్యాచ్‌కీ ఎన్‌ఎంఆర్ (గొలుసులో ఏది ఎంతుందో చెప్పే పరీక్ష) తీసి, పోసింది ఎంత, లోపలికి వెళ్ళింది ఎంత, కండెన్సర్‌లో దొరికింది ఎంత అని మూడు కాలమ్స్ రాయి.

రియాక్షన్ మెల్లగా ఉందని ఉష్ణోగ్రత పెంచాలనిపిస్తుంది. స్టిర్రర్ టార్క్ (ముద్దని తిప్పడానికి పట్టే బలం) గ్రాఫ్ చూస్తూ ఉండు. అది ఎక్కుతుంది, ఒక చోట నిలబడుతుంది, తర్వాత దిగుతుంది. దిగడం మొదలైందంటే గొలుసులు కట్టుకునే వేగం కంటే తెగే వేగం ఎక్కువైనట్టు. వేడి పెంచితే ఆ శిఖరం ముందే వస్తుంది, సరుకు పసుపెక్కుతుంది. దానికి బదులు గ్లైకాల్ బయటికి పోవడానికి దారి చూడు. పలుచటి పొరగా ఉంటే త్వరగా పోతుంది. చిన్న ఫ్లాస్కులో రెండు గంటల్లో అయ్యింది పైలట్ రియాక్టర్‌లో నాలుగు గంటలైనా కాదు, ఎందుకంటే అక్కడ మెల్ట్ (కరిగిన పాలిమర్) లోతు ఎక్కువ. ఇంకో దారి కూడా ఉంది. మెల్ట్‌లో కొంత దూరం తీసుకెళ్ళి, చిప్స్ చేసి, 200 పైన నైట్రోజన్‌లో సాలిడ్ స్టేట్‌లో, అంటే కరగనివ్వకుండానే, గొలుసు పెంచడం. బాటిల్ గ్రేడ్‌ని చాలామంది అలాగే చేస్తున్నారు. కానీ అది స్ఫటికం కట్టే పాలిమర్‌కే కుదురుతుంది. ఐసోసార్బైడ్ మోతాదు మించితే చిప్స్ స్ఫటికం కట్టవు, డ్రయ్యర్‌లోనే ఒకదానికొకటి అతుక్కుని బండరాయి అవుతాయి.

నీ పనిలో అసలు ముడి ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఐసోసార్బైడ్ ఎక్కువ వేస్తే మెత్తబడే ఉష్ణోగ్రత పెరుగుతుంది, స్ఫటికం తగ్గుతుంది. బాటిల్ ఊదేటప్పుడు సాగదీయగా వచ్చే స్ఫటికమే దానికి బలం. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలి. ఆ రెండూ కలిసే మోతాదు పట్టుకోవడానికి నాలుగైదు కంపోజిషన్లు చాలు. ఇరవై చేసి ఆరు నెలలు పోగొట్టుకోకు. స్ఫటికాన్నే వదిలేసుకునే దారీ ఉంది. ఈస్ట్‌మన్ వాళ్ళు 2007లో ట్రైటాన్ తెచ్చింది అలాగే. టీఎంసీడీ అనే బిర్రైన డైయోల్‌తో, స్ఫటికం లేకుండానే 100 డిగ్రీలు దాటి నిలబడే పారదర్శక ప్లాస్టిక్ అది. కానీ దాని మార్కెట్ వేరు, ధర వేరు. జ్యూస్ బాటిల్ ఆ ధర భరించదు.

తేమ గురించి అందరూ చెప్తారు, ఎవరూ లెక్క వెయ్యరు. ఒక నీటి అణువు ఒక గొలుసుని ఒక చోట తెంచుతుంది. సగటు అణుభారం 20,000 ఉన్న పెట్‌లో 0.09 శాతం నీళ్ళుండి అవన్నీ రియాక్ట్ అయితే సగటు పొడవు సగమైపోతుంది. గాలిలో వదిలేసిన చిప్స్ అంతకంటే రెండు మూడు రెట్లు పీల్చుకుంటాయి. అందుకే కరిగించే ముందు 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) లోపుకి ఆరబెట్టాలి. ఐసోసార్బైడ్‌కి నీళ్ళంటే పెట్ కంటే ఇంకా ఇష్టం. వానాకాలంలో చేసిన బ్యాచ్‌నీ ఎండాకాలంలో చేసిన బ్యాచ్‌నీ పోల్చేటప్పుడు ముందు తేమ రీడింగులు తియ్యి. డ్రయ్యర్ ఆపరేటర్‌తో స్నేహంగా ఉండు, నీ పాలిమర్ ఎలా ప్రవర్తిస్తోందో ఆయనకి నీకంటే ముందు తెలుస్తుంది.

కొలతల్లో రెండు జాగ్రత్తలు. ఒకటి, ఐ.వి. (ద్రావణం చిక్కదనాన్ని బట్టి గొలుసు పొడవు అంచనా వేసే అంకె). పెట్ దారానికి 0.62 దగ్గర, బాటిల్‌కి 0.8 దగ్గర అని అందరి నోటా ఉంటుంది. ఆ అంకెలు పెట్ గొలుసుకి సంబంధించినవి. గొలుసు మారితే అదే ఐ.వి.కి వేరే అణుభారం ఉంటుంది. కాబట్టి మీటింగులో ఎవరైనా "0.8 వచ్చింది, బాటిల్ గ్రేడ్ అయిపోయింది" అంటే తలూపకు, మెల్ట్ విస్కాసిటీ చూపించమను. రెండోది డీఎస్సీ (వేడి చేస్తూ మెత్తబడే, కరిగే ఉష్ణోగ్రతలు చూసే పరీక్ష). మొదటి హీటింగ్‌లో కనిపించేది శాంపిల్ ఎలా చల్లారిందో ఆ చరిత్ర. పాలిమర్లని పోల్చాలంటే రెండో హీటింగ్ వాడు. కార్బాక్సిల్ ఎండ్ గ్రూపులు (గొలుసు కొసల్లో మిగిలిన యాసిడ్), రంగులో బీ విలువ (పసుపు ఎంతో చెప్పేది) ప్రతి బ్యాచ్‌కీ తప్పకుండా రాయి, ఎవరూ అడగకపోయినా.

కెటలిస్ట్ నీ సొంత సబ్జెక్టు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. యాంటిమొనీ చవక, అలవాటైనది. టైటానియం చురుకైనది, పసుపు తెస్తుంది. జెర్మేనియంతో సరుకు అందంగా వస్తుంది, కానీ ఖరీదు. నీ కొత్త కెటలిస్ట్ ఎంత గొప్పదైనా, మొదట తెలిసిన కెటలిస్ట్‌తోనే పాలిమర్ చెయ్యి. తెలియని డైయోల్, తెలియని కెటలిస్ట్ ఒకేసారి పెడితే తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేవు.

ఒక్కో గ్లైకాల్‌కి ఒక్కో అల్లరి ఉంటుంది. ఎథిలీన్ గ్లైకాల్ వేడికి అసిటాల్డిహైడ్ ఇస్తుంది, బాటిల్ నీళ్ళకి ఆ రుచి వచ్చేది అందుకే. ప్రొపేన్‌డైయోల్ అక్రోలిన్ ఇస్తుంది, కళ్ళు మండుతాయి. బ్యూటేన్‌డైయోల్ చుట్ట తిరిగి టెట్రాహైడ్రోఫ్యూరాన్ అయి కండెన్సర్‌లోకి పోతుంది. నీ డైయోల్ ఏం చేస్తుందో తెలియాలంటే కండెన్సర్‌లో పట్టినదాన్ని పారెయ్యకుండా జీసీలో (ఆవిరయ్యేవాటిని విడదీసి చూపే మెషీన్) పెట్టి చూడు. ఆహారం తాకే బాటిల్ కాబట్టి ఈ ప్రశ్న రేపు రెగ్యులేటరీ వాళ్ళు ఎలాగూ అడుగుతారు.

రీసైక్లింగ్ గురించి మొదటి నెలలోనే ఆలోచించు. మన దగ్గర పాత బాటిళ్ళు ఏరేవాళ్ళ చేతుల మీదుగా వెళ్ళి ఫ్లేక్స్ (చిన్న ముక్కలు) అయ్యి మళ్ళీ దారమవుతున్నాయి. నీ బాటిల్ చూడటానికి పెట్‌లాగే ఉంటుంది, ఎవరూ విడదీయలేరు. వాళ్ళ డ్రయ్యర్‌లో అది ముద్దకట్టినా, దారం తెగినా నష్టం వాళ్ళకే. పెట్‌జీ, పీఎల్‌ఏ అనే వేరే పాలియెస్టర్లు కలిసిన ఫ్లేక్స్‌తో వాళ్ళు ఇప్పటికే ఇబ్బంది పడుతున్నారు. నీ పాలిమర్‌ని మామూలు పెట్ ఫ్లేక్స్‌లో 2 శాతం, 5 శాతం, 10 శాతం కలిపి ఆరబెట్టి, దారం తీసి చూపించు. ఆ దారం మీటింగులో చూపిస్తే బాటిల్ కంటే దానికే ఎక్కువ ప్రశ్నలొస్తాయి.

పైలట్ ట్రయల్‌కి వెళ్ళినప్పుడు మొదటి గంట చూసి సంబరపడకు. ఫిల్టర్ ముందు ప్రెషర్ గంటగంటకీ రాయించు. జెల్ ఉంటే అది మెల్లగా ఎక్కుతుంది, మధ్యాహ్నం బాగా నడిచిన మెషీన్ రాత్రి షిఫ్టులో ఆగిపోతుంది. అలా ఆగితే శుభ్రం చెయ్యకముందే ఫిల్టర్ జాలీ తీసి దాచమని షిఫ్టు వాళ్ళకి ముందే చెప్పిపెట్టు, దాని మీద చిక్కిందేమిటో మైక్రోస్కోపులో చూడొచ్చు.

మొదటి మూడు బ్యాచ్‌ల ఎన్‌ఎంఆర్, టార్క్ గ్రాఫ్‌లు నీ దగ్గరుంచుకో. కంపెనీ వివరాలు నాకు పంపకు, అది పద్ధతి కాదు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఐసోసార్బైడ్ మీద బయట అచ్చయిన పేటెంట్లు ఓ పది తెచ్చుకో, క్లెయిములు ఎలా చదవాలో కూర్చుని చూద్దాం.

ఇట్లు
మామయ్య