స్లీవ్ అయ్యాక బరువు మళ్లీ పెరిగితే పొట్ట సాగినట్టేనా?

బరువు తగ్గడానికి చేసే స్లీవ్ సర్జరీ అయి 14 నెలలైంది, చాలా కొంచెం తింటున్నా 4 కిలోలు పెరిగాను, పొట్ట సాగిపోయిందా అని అడిగారు. సాగడం అనేది లేకపోలేదు. కానీ ముందు చూసుకోవాల్సింది రోజంతా నోట్లోకి ఏం పోతోందో.

ఈ సర్జరీలో పొట్టను 75–80 శాతం దాకా తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం. గట్టి తిండి అందులో కాసేపు ఆగుతుంది, నాలుగు ముద్దలకే చాలనిపిస్తుంది. జారుడుగా ఉండేది ఆగదు.

సాయంత్రం టీలో ముంచిన బిస్కెట్‌నే చూడండి. నానిన అంచు నాలుక మీద పడగానే పేస్టవుతుంది, నమిలే పనే ఉండదు. పది నిమిషాలకు ఇంకో రెండు. అలా ఎనిమిది తిన్నా కడుపు బరువెక్కదు. ఒక్కోటి 40–50 కేలరీలు వేసుకున్నా 320–400 దాకా పడుతుంది. ఉడికించిన చికెన్ బ్రెస్ట్ 100 గ్రాములకు దాదాపు 165 కేలరీలే, పైగా 30 గ్రాముల ప్రోటీన్. అంతా ఒక్కసారికి తినడం కూడా చాలామందికి కష్టమే. 'చాలా కొంచెం తింటున్నా' అన్నది అబద్ధం కాదు. ఆ కొంచెం రోజుకు ఎన్నిసార్లో లెక్క రాయండి.

అసలు బిస్కెట్లకు ఎందుకు అలవాటు పడతారంటే, మాంసం దిగదు. మళ్లీ వేడిచేసి ఎండిపోయిన ముక్క గబగబా మింగితే ఛాతీ మధ్యలో పట్టేస్తుంది, నోట్లో నురగలా లాలాజలం ఊరుతుంది, చివరికి కక్కేస్తారు. రెండుమూడు సార్లు అలా జరిగితే ఎవరికైనా భయమేసి మెత్తటివాటికే మారిపోతారు. బరువు పెరగడం మొదలయ్యేది అక్కడే. చికెనైనా చేపైనా తడి ఆరకుండా వండుకోండి. ముక్క చిటికెనవేలి గోరంత ఉండాలి. 20–25 సార్లు నమిలి, మింగాక చెంచా కింద పెట్టి కాస్త ఆగండి. ఎక్కిళ్లు, తుమ్ము, ముక్కు కారడం చాలామందికి కడుపు నిండిన గుర్తులు. అక్కడే ఆపేయాలి, ఇంకో ముద్ద వద్దు. భోజనం 20–30 నిమిషాల్లో ముగించండి. గంటసేపు సాగదీస్తే మొదటి ముద్దలు దిగిపోయి మళ్లీ చోటు దొరుకుతుంది.

తింటూ నీళ్లు తాగితే గట్టి తిండి కూడా జారుడైపోతుంది. తిన్నాక 30 నిమిషాలు ఆగండి. కానీ రోజు మొత్తంలో లీటరున్నర తగ్గకూడదు. ప్రోటీన్ 60–80 గ్రాములు కావాలి, అందుకే పళ్లెంలో ముందు అది, తర్వాత కూరగాయలు, చోటుంటేనే పిండి పదార్థాలు. జ్యూసులు, ఐస్‌క్రీమ్ గురించి వేరే చెప్పక్కర్లేదు, అవీ బిస్కెట్ దారినే పోతాయి.

నాకు కోపం తెప్పించేది డిశ్చార్జి రోజు చేతికిచ్చే డైట్ కాగితం. ద్రవాలు, మెత్తగా చేసినవి అంటూ మొదటి 6–8 వారాలకు అన్నీ రాస్తారు. ఏడాది తర్వాత ఎలా తినాలో చాలా కాగితాల్లో ఒక్క ముక్క ఉండదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది తీసేసిన భాగంలోనే కాబట్టి మొదటి నెలల్లో ఆకలి పెద్దగా ఉండదు. తర్వాత చాలామందికి తిరిగొస్తుంది. 12–18 నెలలకు బరువు తగ్గడం ఎలాగూ నెమ్మదిస్తుంది. సరిగ్గా ఆ సమయానికి మనిషిని వదిలేసి, పెరిగితే 'నోరు కట్టుకోలేదు' అంటారు. ఇది అన్యాయం.

ఒక్క జాగ్రత్త. వాంతులు రోజూ అవుతున్నా, నీళ్లు కూడా నిలవకపోయినా ఈ చిట్కాలతో కాలక్షేపం చేయకండి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. వాంతులతో థయమిన్ (విటమిన్ బి1) తగ్గితే కొన్ని వారాల్లోనే నరాలు దెబ్బతింటాయి.

అలాంటిదేమీ లేకపోతే రెండు వారాలు గట్టి ప్రోటీన్‌తో, భోజనంతో పాటు నీళ్లు తాగకుండా, మధ్యలో చిరుతిళ్లు మానేసి తినండి. అప్పుడు కూడా పళ్లెం నిండా చికెన్ ఇబ్బంది లేకుండా పట్టేసి గంటకే ఆకలేస్తుంటే, సాగిందేమో బేరియం ఎక్స్‌రేలో (బేరియం ద్రవం తాగించి తీసే ఎక్స్‌రే) చూడమని మీ సర్జన్‌ను అడగండి.