అమ్మ పాడిన క్యాసెట్లు, పాటల పుస్తకాలు: ఆబ్దికంలోపు ఏది ముందు, ఏది తర్వాత

మీరు అడిగింది ఇది: అమ్మగారు పోయి ఎనిమిది నెలలైంది. ఆవిడ ఇంట్లో పాడిన పదకొండు క్యాసెట్లు, తెలుగు పాటలను తమిళ లిపిలో రాసుకున్న రెండు నోటుపుస్తకాలు మిగిలాయి. ఆబ్దికానికి చెన్నైలో బంధువులందరినీ పిలిచి ఆవిడ పాటలతో ఒక పూట గడపాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

క్యాసెట్లతో మొదలుపెట్టండి. హాలు, భోజనాలు, ఫొటోకి ఫ్రేము ఆఖరి నెలలో కూడా కుదురుతాయి. చెన్నై తేమలో ఏళ్ల తరబడి బీరువాలో ఉన్న టేపుకి బూజు పట్టి ఉండొచ్చు, అది ఆగదు.

ముందు ప్రతి క్యాసెట్టుకీ వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా అమ్మ గొంతు మీద ఇంకేదీ ఎక్కదు. తర్వాత కిటికీ వెలుగులో టేపు చుట్టను చూడండి. తెల్లటి పొడి కనిపిస్తే దాన్ని మామూలు ప్లేయర్లో పెట్టొద్దు, పక్కన పెట్టి ఆ పని తెలిసినవాళ్లకి ఇవ్వండి. ఆ బూజు హెడ్డుకి (ప్లేయర్లో టేపుని చదివే భాగానికి) అంటుకుని మిగతా పది క్యాసెట్లకీ పాకుతుంది. బాగున్నవాటిని ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి పూర్తిగా తిప్పి, మళ్లీ వెనక్కి చుట్టాక ప్లే చేయండి. ఏళ్లుగా కదలని చుట్ట ఒకచోట బిగుసుకుని, ఒకచోట వదులై ఉంటుంది, నేరుగా ప్లే చేస్తే పాట ఊగుతుంది. టేపు వెనక స్పాంజి ముక్క ఊడిపోయి ఉంటే శబ్దం మూటలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. పాత క్యాసెట్లలో ఇది చాలా మామూలు జబ్బు. స్క్రూలున్న వేరే ఖాళీ క్యాసెట్టు విప్పి, చుట్టలు రెండూ అందులోకి మారిస్తే చాలు. తెగిన టేపుని సెల్లోటేపుతో అతికించొద్దు, దాని జిగురు కారి పక్క పొరలకి అంటుతుంది. అందుకోసమే దొరికే స్ప్లైసింగ్ టేపే వాడండి. టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది కాబట్టి ఒక సెంటీమీటరు పోయినా పోయేది పాటలో అయిదోవంతు సెకనే. భయపడకండి.

నేరుగా కంప్యూటరుకి తగిలించే చవక క్యాసెట్ ప్లేయర్లు కొనకండి. వాటి వేగం నిలకడగా ఉండదు, ఆ ఊగుడు గమకంలా వినిపిస్తుంది. ఎవరింట్లోనైనా మంచి పాత డెక్కు ఉంటే అడిగి తెచ్చుకోండి. బెల్టు సాగిపోయి ఉంటుంది, చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో అడిగి చూడండి. హెడ్డుని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూదిపుల్ల పెట్టి తుడవండి, రెండు మూడు క్యాసెట్లకోసారి మళ్లీ. డెక్కు వెనక లైన్ అవుట్ రంధ్రం నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (శబ్దాన్ని కంప్యూటరుకి అందించే చిన్న పెట్టెకి), అక్కణ్ణించి కంప్యూటరుకి కలపండి. ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో గుచ్చితే శబ్దం చీలుతుంది. రికార్డు చేయడానికి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరు ఉచితం, సరిపోతుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు; గంటకి ఒక జీబీ పైచిలుకు. మీటరు ఎక్కడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకోండి.

ఇంటి టేపురికార్డర్లలో హెడ్డు కాస్త వంకరగా ఉండేది. అందుకే అదే టేపు వేరే డెక్కులో పెడితే "స", "శ" మొద్దుబారతాయి. హెడ్డు పక్కనున్న చిన్న స్క్రూని పాట వింటూ కొంచెం కొంచెంగా తిప్పండి, ఆ అక్షరాలు పదునుగా వినిపించినచోట ఆపండి. ప్రతి క్యాసెట్టుకీ ఇది విడిగా చేయాలి. విసుగే, కానీ తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ చేయలేని మేలు ఇదొక్కటి చేస్తుంది.

వేగం సరిచూసుకోవడం ఇంకా ముఖ్యం, ఎందుకంటే అమ్మ శ్రుతి దాని మీదే ఆధారపడింది. కరెంటు మీద నడిచిన రికార్డర్ అయితే టేపులోనే సన్నటి 50 హెర్ట్జ్ హమ్ ఉంటుంది. ఆడాసిటీ స్పెక్ట్రమ్‌లో అది 51.5 దగ్గర కనిపిస్తే డెక్కు 3 శాతం వేగంగా నడుస్తోందన్నమాట. అంటే అయిదు శ్రుతిలో (హార్మోనియంలో జి) పాడిన పాట, అయిదుకీ అయిదున్నరకీ సరిగ్గా మధ్యకి జరిగిపోయింది. టేపు ఆపాక కూడా హమ్ వినిపిస్తుంటే అది డెక్కుది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

హిస్సు (టేపు వెనక వినిపించే బుస లాంటి శబ్దం) తీసేయాలని తొందరపడొద్దు. నాయిస్ రిడక్షన్ గట్టిగా పెడితే ముందు పోయేది తంబూర, తర్వాత ఊపిరి, ఆపైన పాట చివర సన్నగిల్లే స్వరం. అసలు ఫైలు ముట్టుకోకుండా కాపీ మీద ప్రయత్నించండి. పాటల మధ్య మాటలు అస్సలు కోయకండి. "మళ్లీ అను" అన్న మాట, కుక్కరు కూత, పిల్లవాడి ఏడుపు, వీధిలో పూలమ్మే కేక అన్నీ ఉండనివ్వండి. వినేవాళ్లకి అమ్మ కళ్లముందు కనిపించేది అక్కడే.

ఇక నోటుపుస్తకాలు. తమిళ లిపిలో తెలుగు పాట అంటే పెద్ద చిక్కుంది. త, థ, ద, ధ నాలుగింటికీ ఒకటే అక్షరం, ప, బ కూడా అంతే. "పాద" అన్నా "బాధ" అన్నా రాత ఒకటే. కొందరు అక్షరం పక్కన 2, 3, 4 అంకెలు వేసుకునేవారు, మీ అమ్మగారు వేశారేమో చూడండి. వేయకపోతే ఊహించి తెలుగులోకి ఎత్తి రాయొద్దు. క్యాసెట్టులో ఆవిడ ఎలా పలికారో విని రాయండి. పాట టేపులో లేకపోతే ఆవిడతో కలిసి పాడినవాళ్ల చేత చదివించండి. రాసింది ఎవరి రచనో తెలియకపోతే చివరి చరణంలో ముద్ర, అంటే రచయిత సంతకంలా వాడే పదం, వెతకండి: త్యాగరాజ, వేంకట, భద్రగిరి, గురుగుహ, శ్యామకృష్ణ, మువ్వగోపాల. చాలావరకు తేలిపోతుంది. తేలని మంగళహారతులు, లాలిపాటలు ఉంటాయి. వాటికి అచ్చు పుస్తకం దొరక్కపోవచ్చు, కాబట్టి వాటినే ముందు ఎత్తి రాయండి.

పేజీలకు లామినేషన్ వద్దు. తుప్పు పట్టిన పిన్నులు తీసేసి, కిటికీ పక్కన ఏటవాలు వెలుగులో, ఫ్లాష్ లేకుండా, అట్టతో సహా ప్రతి పేజీ ఫొటో తీయండి. మార్జిన్‌లో రాసుకున్న చాకలిపద్దు, పుట్టినరోజు తిథి, "రేడియో, శుక్రవారం" లాంటివి కూడా రావాలి. తర్వాత సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టండి, రంగు మారితే పొట్లాలు మార్చండి.

అన్నమయ్య కీర్తనలుంటే ఒక విషయం గుర్తుంచుకోండి. రాగిరేకుల మీద రాగాల పేర్లున్నాయి గానీ స్వరాలు లేవు. ఇప్పుడు మనం వినే వరసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు కట్టినవి. ఒకే కీర్తనకి రెండు మూడు వరసలుంటాయి. త్యాగరాజ కృతుల్లోనూ వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్యపరంపరల పాఠాంతరాలు వేరు. కాబట్టి అమ్మ పాడిన వరస యూట్యూబ్‌లో విన్నదానికి భిన్నంగా ఉంటే తప్పని దిద్దకండి. ఎక్కడ నేర్చుకున్నారో దాన్నిబట్టే తెలుస్తుంది.

అది తెలిసేది పెద్దవాళ్ల దగ్గరే. పిన్నిని, అత్తయ్యను "అమ్మ గురించి చెప్పండి" అని అడిగితే "బంగారంలాంటి మనిషి" అని ఆగిపోతారు. ముందు ఒక పాట వినిపించండి, తర్వాత అడగండి: ఇది ఎవరి దగ్గర నేర్చుకుంది, శుక్రవారం దీపం పెట్టాక ఏది పాడేది, జోలపాటగా ఏది, ఏ పాట దగ్గర గొంతు పట్టుకునేది? ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మూరెడు దూరంలో మెత్తటి గుడ్డ మీద ఉంచండి, ఫ్యాను ఆపండి. అరగంట చాలు, వాళ్లని అలసిపోనివ్వకండి.

ఆబ్దికం తేదీ దగ్గర చెన్నై తెలుగువాళ్లు తరచూ పొరపడతారు. తమిళ పురోహితులు సౌరమాన మాసం, తిథి చూస్తారు; మనది చాంద్రమానం. "మాది చాంద్రమానం" అని ముందే చెప్పి మాసం, పక్షం, తిథి రాసివ్వండి. మధ్యలో అధికమాసం వస్తే ఆబ్దికం దాదాపు నెల ఆలస్యంగా వస్తుంది, అది తెలియకుండా రైలు టికెట్లు తీసుకోవద్దు. పాటలు మాత్రం ఆబ్దికం నాడు వద్దు. ఆరోజు ముగ్గు కూడా వేయని ఇళ్లున్నాయి, పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. మర్నాడో, ఆ వారాంతంలోనో సాయంత్రం పెట్టుకోండి. మార్గళిలో (డిసెంబరు, జనవరి మధ్య చెన్నై కచేరీల కాలంలో) పడితే వయొలిన్, మృదంగం వాళ్లు దొరకరు, రెండు నెలల ముందే మాట్లాడుకోవాలి. దొరక్కపోయినా దిగులు లేదు, శ్రుతిపెట్టె చాలు.

గంటన్నర, ఎనిమిది పాటలు. బయటి విద్వాంసురాలి చేత మొత్తం కచేరీ చేయించడం నాకు నచ్చదు. ఆవిడ బాగా పాడతారు, కానీ అమ్మ వరస కాదు. కూతుళ్లు, కోడళ్లు, మనవరాళ్లు అమ్మ శ్రుతిలోనే పాడాలి. మగవాళ్లు ఆ శ్రుతిలో పాడలేరు, వాళ్లకి విడిగా ఒకటో, ఒకటిన్నరో పెట్టి రెండు పాటలివ్వండి. నెల ముందే క్యాసెట్టు ఫైలు ఒక్కొక్కరికి ఒక్క పాట చొప్పున పంపి నేర్చుకోమనండి.

అమ్మ గొంతు మొదట్లో వినిపించకండి. అది విన్నాక పాడాల్సినవాళ్లకి గొంతు పెగలదు. అందరి పాటలూ అయ్యాక, దీపాల దగ్గర, శుభ్రంగా ఉన్న ఒక్క పాట, మూడు నాలుగు నిమిషాలు, హిస్సుతోనే. ఆ వెంటనే సౌరాష్ట్ర రాగంలో త్యాగరాజ మంగళం అందరూ కలిసి. ఆ సాయంత్రాన్ని కూడా రికార్డు చేసి పాత ఫైళ్ల పక్కనే పెట్టండి. ఫైలు పేరులో క్యాసెట్టు సంఖ్య, పాట, రాగం, సుమారు సంవత్సరం ఉండాలి. మూడు కాపీలు తీయండి, వాటిలో ఒకటి తప్పకుండా వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువు ఇంట్లో ఉండాలి.