పన్నెండేళ్ళు పెంచిన పిల్లి పోయింది. ఏడిస్తే ఇంట్లోవాళ్ళు నవ్వుతున్నారు. ఈ దుఃఖాన్ని ఎలా తట్టుకోవాలి?

మీ పిల్లి మూత్రపిండాల జబ్బుతో పోయి మూడు వారాలైందని, జబ్బును ముందుగా పసిగట్టలేకపోయానన్న ఆలోచన మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదని, ఇంట్లోవాళ్ళేమో "పిల్లి కోసం ఇంత ఏడుపా" అంటున్నారని రాశారు. మా చుక్కి కూడా ఇదే జబ్బుతో పదమూడో ఏట పోయింది. నాలుగేళ్ళు గడిచాయి కాబట్టి ఇప్పుడు కాస్త స్థిమితంగా రాయగలుగుతున్నాను.

ముందుగా ఆ అపరాధభావం గురించి చెబుతాను, ఎందుకంటే నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కాల్చింది అదే. చివరి ఏడాది చుక్కి నీళ్ళు విపరీతంగా తాగేది. రాజమండ్రి ఎండలు కదా అనుకున్నాను. చిక్కిపోతుంటే వయసు మీద పడుతోందనుకున్నాను. రక్తపరీక్షలో క్రియాటినిన్ (మూత్రపిండాలు వడపోసి బయటికి పంపాల్సిన వ్యర్థం) ఎంత ఉందో చూశాక గాని ఆ రెండింటికీ ఉన్న సంబంధం తెలియలేదు. అయితే ఆ రోజు పశువైద్యుడు చెప్పిన మాట మీరూ వినాలి. పిల్లి మూత్రపిండాల శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు పోయేదాకా పైకి లక్షణాలు పెద్దగా కనిపించవు. రక్తంలో క్రియాటినిన్ పెరిగేసరికి సాధారణంగా నాలుగింట మూడు వంతులు దెబ్బతిని ఉంటాయి. దానికి తోడు, పిల్లి బాధను దాచుకునే ప్రాణి, ఒంట్లో బాగాలేకపోతే మంచం కిందో బీరువా వెనకో చేరి చప్పుడు చేయకుండా పడుకుంటుందే తప్ప మన దగ్గరికి వచ్చి మూలగదు. ఇప్పుడు అంతా తెలిశాక వెనక్కి చూస్తూ, అప్పటి మనిషిని నిందించడం సులభం.

నేను అంతటితో ఆగలేదు. ఏళ్ళ తరబడి దానికి అప్పుడప్పుడూ ఎండు మెత్తళ్ళు పెట్టాను, ఆ ఉప్పే చంపిందా అని డాక్టరును రెండుసార్లు అడిగాను. ఈ వయసు పిల్లుల్లో కారణం ఫలానా అని చాలాసార్లు తేల్చలేమని ఆయన ఓపిగ్గా చెప్పినా మనసు సమాధానపడలేదు. చాలాకాలం మెత్తళ్ళ వాసన వస్తే వంటింట్లోంచి బయటికి వచ్చేసేదాన్ని. నాకు ఇప్పటికీ మిగిలిన పశ్చాత్తాపం ఒకటే: తిండి పూర్తిగా మానేశాక, నొప్పి లేకుండా పోయే ఇంజెక్షన్ గురించి డాక్టరు చెప్పినా ధైర్యం చాలక మరో రెండు రోజులు ఆగాను. ఆ రెండు రోజులూ దాని కోసం కాదు, నా కోసమే. మీరు ఆ నిర్ణయం తీసుకోగలిగారని రాశారు కాబట్టి, అది హత్య కాదా అని మిమ్మల్ని మీరు హింసించుకోవద్దని నా అనుభవంతో చెబుతున్నాను.

ఇంకొక సంగతి ఎవరూ చెప్పరు. చివరి రెండు నెలలు రోజు విడిచి రోజు మా వారు చుక్కిని తువ్వాలులో చుట్టి పట్టుకుంటే, నేను దాని మెడ కింద వీపు మీది వదులు చర్మాన్ని ఎత్తిపట్టి సూది గుచ్చి సెలైన్ ఎక్కించేదాన్ని. అది పోయాక కూడా సాయంత్రం ఏడు కాగానే చెయ్యి తువ్వాలు కోసం వెళ్ళేది. ఆ వేళకు మేడ మీదికి వెళ్ళి నడవడం మొదలుపెట్టాక గాని ఆ గంట గడిచేది కాదు.

నవ్వేవాళ్ళ గురించి ఎక్కువ రాయను. పిల్లిని చంపిన పాపం పోవాలంటే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలని మా అమ్మమ్మ చెప్పేది. చంపితే అంత పాపమైన ప్రాణి చనిపోతే ఏడవకూడదని మాత్రం మనవాళ్ళు అంటారు, అదేం లెక్కో. నలుగురూ గుర్తించని ఇలాంటి దుఃఖానికి 1989లో కెన్నెత్ డోకా అనే అమెరికన్ పండితుడు ఒక పేరే పెట్టాడు. పైకి చెప్పుకునే వీలు లేకపోవడం వల్ల అది మరింత బరువెక్కుతుందని ఆయన భావం. ఒక్కరైనా వినేవాళ్ళను వెతుక్కోండి. నిద్ర, తిండి ఇంకా కుదుటపడకపోతే మానసిక ఆరోగ్య సహాయం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మీ రెండో పిల్లి ఇల్లంతా వెతుకుతోందన్నారు. అది ఒక పూట సరిగా తినకపోతే కంగారు పడనక్కరలేదు గాని, రెండు రోజులు ఏమీ ముట్టకపోతే తప్పక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. తిండి మానేసిన పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది.

కొత్త పిల్లిపిల్లను తెచ్చుకోమని, పాత సామాన్లు తీసేయమని తొందరపెట్టేవారి మాట ఇప్పుడే వినకండి. పదిరోజులకే మా ఆడపడుచు ఒక పిల్లను తెచ్చిస్తే నేను తిప్పి పంపాను, ఆవిడ కొంచెం నొచ్చుకుంది. చుక్కి స్టీలు గిన్నె ఏడాది దాకా వంటింటి గుమ్మం పక్కనే ఉండిపోయింది. తరువాతి వేసవిలో పిచ్చుకలకు నీళ్ళు పెట్టడానికి ఏదైనా కావలసి వస్తే, దాన్నే తీసుకువెళ్ళి డాబా మీద పెట్టాను. చుక్కి ఉండి ఉంటే ఆ పిచ్చుకల్లో ఒక్కదాన్నీ బతకనిచ్చేది కాదు.