మల్లీశ్వరి నటీనటులను జనం ఇంకా ఎందుకు తలుచుకుంటారు?

మీరు అడిగింది రెండు ముక్కల్లో: 1951లో వచ్చిన మల్లీశ్వరి సినిమాలో పాటల సంగతి సరే, నటించినవాళ్ళను ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎందుకు తలుచుకుంటారు? కొత్తగా చూసేవాళ్ళకు నచ్చుతుందా?

నచ్చుతుంది. అమ్మమ్మతో చూశాను, అమ్మతో చూశాను, ఈమధ్య డిగ్రీ చదివే మా అక్క కూతురితోనూ చూశాను. ముగ్గురూ వేర్వేరు చోట్ల కళ్ళు తుడుచుకున్నారు.

నాకు తోచిన కారణం ఒకటే. కథ శ్రీకృష్ణదేవరాయల కాలంలో జరుగుతుంది గానీ, ఇందులో ఎవరూ చరిత్రను నటించలేదు. చుట్టరికాలను నటించారు. వీరాపురంలో ఒక బావ, ఒక మరదలు, పిల్లను డబ్బున్న ఇంటికే ఇవ్వాలని పట్టుబట్టిన తల్లి, ఆవిడకు ఎదురు చెప్పలేని తండ్రి. ఈ నలుగురూ మన ఇళ్ళల్లో ఉన్నవాళ్ళే. దేవులపల్లి కృష్ణశాస్త్రి సినిమాకు రాయడం ఇదే మొదలు. మాటలు ఎంత పొదుపుగా రాశారంటే, నటులకు గొంతు పెంచాల్సిన అవసరమే రాలేదు.

భానుమతి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అప్పటికే ఆవిడ పెద్ద పేరున్న నటి. ఇదే దర్శకుడు బి.ఎన్.రెడ్డి 1945లో స్వర్గసీమలో ఆవిడ చేత మాయలాడి పాత్ర వేయించారు. ఆరేళ్ళ తర్వాత అదే మనిషిని పల్లెటూరి మరదలు మల్లిని చేశారు. ఆవిడ పాటలు ఆవిడే పాడుకోవడం ఇక్కడ ఎంత కలిసొచ్చిందో చూడండి. మాట్లాడే గొంతూ పాడే గొంతూ ఒకటే కావడంతో, మల్లి మాటలోంచి పాటలోకి వెళ్ళినప్పుడు మనిషి మారినట్టుండదు. ‘మనసున మల్లెల’ పాటనే తీసుకోండి. చాలాకాలం ఎడబాటు తర్వాత బావను చూసిన ఆడపిల్ల పాట అది. ఇంకొకరైతే ఆ సంతోషాన్ని గట్టిగా పాడేవారేమో. భానుమతి దాదాపు తనలో తానే అనుకుంటున్నట్టు పాడింది, గట్టిగా అంటే ఆ క్షణం చెదిరిపోతుందేమో అన్నంత మెల్లగా. మా అమ్మ సంగీతం నేర్చుకున్న మనిషి. స్వరాలు పట్టుకోవడం కష్టం కాదుగానీ ఆ మెల్లదనం పట్టుబడదు అంటుంది.

ఆ పాటలో బావగా వేసిన ఎన్.టి.రామారావుకు ఒక్క ముక్క కూడా లేదు. వినడమే ఆయన పని. నాకు ఆయన నటనలో బాగా ఇష్టమైనది అదే. ఆ ఏడాది మార్చిలోనే పాతాళభైరవి వచ్చింది, డిసెంబర్ 20న మల్లీశ్వరి. అందులో మాంత్రికుడితో తలపడిన సాహసి, ఇందులో ఉలి తప్ప వేరే బలం లేని శిల్పి నాగరాజు.

వాన ఘట్టం గుర్తుందా? మారువేషంలో ఉన్న రాయలు, ఆయన ఆస్థానకవి పెద్దన వానకు ఆగిన చోటే మల్లి, నాగరాజు ఉంటారు. మల్లి ఆడిపాడుతుంది. వాళ్ళెవరో తెలియని నాగరాజు, రాజుగారికి చెప్పి మా మల్లికి పల్లకీ పంపించండి అని సరదాగా అంటాడు. మరదల్ని ఆటపట్టించే బావ మాట అది, అంతకుమించి ఏమీ లేదు. రామారావు దాన్ని అంత తేలిగ్గానూ అనేశాడు. అందుకే తర్వాత మల్లిని అంతఃపురానికి తీసుకెళ్ళడానికి నిజంగా పల్లకీ వచ్చినప్పుడు మనకు గుండె గుభేలుమంటుంది. ఆ మాటను కాస్త ఒత్తి పలికి ఉంటే కథంతా అక్కడే తెలిసిపోయేది. ఇంకో సంగతి: తర్వాత తెనాలి రామకృష్ణ (1956), మహామంత్రి తిమ్మరుసు (1962) సినిమాల్లో ఆయనే రాయలు. ఆ దర్పం చూసి వచ్చి ఇక్కడ రాయల ముందు దోషిగా నిలబడ్డ నాగరాజును చూస్తే, ఇద్దరూ ఒకరేనా అనిపిస్తుంది.

ఋష్యేంద్రమణి మల్లి తల్లి నాగమ్మ. మా అమ్మమ్మ టీవీలో ఆవిడ కనబడగానే తిట్లు మొదలుపెట్టేది! అయితే నాగమ్మ చెడ్డది కాదు. కూతురు పల్లకీ ఎక్కుతోందంటే అది నిజంగానే అదృష్టం అనుకుంటుంది. ఆ నమ్మకాన్ని ఋష్యేంద్రమణి ఎక్కడా వెక్కిరింపుగా చేయలేదు. తర్వాత మాయాబజార్‌లో అభిమన్యుడి కోసం పంతం పట్టిన సుభద్ర కూడా ఆవిడే.

నాగరాజు తల్లిగా సురభి కమలాబాయి. మన తొలి టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి ఆవిడే. పాతాళభైరవిలోనూ రామారావుకు తల్లి. అంతఃపురంలో మల్లికి తోడు నిలిచే జలజ టి.జి.కమలాదేవి. ఆ బందిఖానాలో మల్లితో చనువుగా మాట్లాడే మనిషి ఈవిడే కాబట్టి, కనబడితే చాలు మనకూ ఊపిరాడుతుంది. అల్లసాని పెద్దనగా వేసింది న్యాపతి రాఘవరావు, పిల్లలంతా ‘రేడియో అన్నయ్య’ అని పిలుచుకున్న ఆయన. వేషానికి తగ్గ మనిషిని వెతికారు గానీ పేరున్న నటుడే కావాలని చూడలేదు.

మా అక్క కూతురు వెబ్ సిరీస్‌లు తప్ప చూడదు. మొదటి అరగంట ఫోన్ చేతిలోనే ఉంది. ‘కోతీబావకు పెళ్ళంట’ దగ్గర నవ్వింది, పల్లకీ దగ్గర ఫోన్ పక్కన పెట్టింది. నాగరాజు ఎవరితోనూ కొట్లాడడేంటి అని అడిగింది. అంతఃపుర స్త్రీని కలుసుకుంటే చావే శిక్ష అని తెలిసీ వెళ్ళాడు కదే అన్నాను. తర్వాత అంతా అయ్యేవరకూ లేవలేదు.

మీరు చూసేటప్పుడు ఒకటి చేయండి. పాటలు వేరుగా యూట్యూబ్‌లో ముక్కలుగా చూడకండి. ‘ఆకాశవీధిలో’ పాటలో ఇద్దరూ ఒకరికొకరు దూరంగా ఉండి మేఘంతో కబురు చెప్పుకుంటారు. దానికి ముందు ఏం జరిగిందో తెలియకపోతే, అది మంచి పాటగా మిగిలిపోతుందే తప్ప వాళ్ళ ముఖాల్లో ఉన్నది అందదు.